గండమ నాయకుని చేతి కత్తి

ముందువెనుకలు నేను తారుమారు చేస్తే చేయవచ్చు. ఈ మధ్య చదివింది చదివినట్టు మనసులో నిలవడం లేదు. పూర్తిగా జారిపోకముందే ఈ కథను కాగితం మీద పెడుతున్నాను.

గుండెలమెట్ట దుర్గం కూలిన మూడవనాడు పడమటి వాకిలి ముందున్న మైదానమంతా గుడారాలతో నిండిపోయింది. ఒకవైపు గెలిచిన తమ్ముడు బొల్లభూపతి సేన, మరొకవైపు హతుడైన అన్న కేతభూపతి పక్షాన పోరిన ఆరువేలమంది యోధులు. ఏడేళ్లపాటు ఒకే తల్లి బిడ్డలు తెగనరుక్కున్న ఆ నేల మీద కాకులు సైతం తిని తిని విసిగి, కోటగోడల మీద కునుకుతున్నాయి. ఓడిన ఆరువేలమందీ ఒకే పట్టు పట్టారు: "మా సేనాని గండమ నాయకునికి వీరశిల నిలిపితేనే ఆయుధాలు దించుతాం."

వీరశిలకు ఆ సీమలో ఒక కట్టుబాటు ఉంది. వీరుడు కూలిన క్షణాన అతని చేతిలో ఏమున్నదో కళ్లారా చూసినవారు శిల్పికి చెప్పాలి. శిల్పి వారు చెప్పినదే చెక్కాలి. గండమ నాయకుడు కూలడం చూసినవారిలో ప్రాణాలతో దొరికింది నూకసాని ఒక్కతే. ఆమె కోటలో నీళ్లు మోసే బానిస. గండమ నాయకుడు తగలబెట్టిన ఊళ్లలో ఒకదానినుంచి తాళ్లతో కట్టి తెచ్చిన మనిషి. ఆమె కుడి భుజం మీద, కోట బానిసలకు వేసే గుండ్రటి గద్దముద్ర అరచేతి వెడల్పున కాల్చి ఉంది.

బొల్లభూపతి ఆమెను తన గుడారానికి పిలిపించాడు. అక్కడ శిల్పి కాచోజు తాటాకు పట్టుకుని కూర్చున్నాడు. సంకెళ్లతో విద్దనామాత్యుడు నిలబడి ఉన్నాడు. కేతభూపతికి మంత్రి ఆయనే, కోట తలుపు తీసినవాడూ ఆయనే.

"గండమ నాయకుని చేతిలో ఏమున్నది?" అన్నాడు రాజు.

నూకసాని కళ్లకు ఆ ఉదయం కట్టింది. ధాన్యం అయిపోయిందని, వెనుక కొండదారిన రేవు వర్తకులకు అమ్మేందుకు, బానిసల పిల్లలను గండమ నాయకుడు వాకిలి దగ్గర వరుసగా నిలబెట్టాడు. మొదటి ఇద్దరి అరుపులూ ఆగలేదు. మూడవది తన బిడ్డ చిట్టెమ, తొమ్మిదేళ్లది. విద్దనామాత్యుడు అడ్డం వస్తే నాయకుడు నవ్వాడు: "మంత్రిగారి మనసు కమిలింది, కాస్త గంధం తెచ్చి రాయండిరా!" మంత్రి నేరుగా తలుపు దగ్గరికి వెళ్లి, తన చేతులతోనే గడియ లాగాడు. బానిసలు బయటికి పరుగెత్తారు, శత్రువు లోపలికి వచ్చి గండమ నాయకుణ్ణి నిలుచున్నచోటే నరికాడు. బయటికి పోయినవారిని బొల్లభూపతి భటులే మళ్లీ తాళ్లతో కట్టారు.

"ముద్ర వేసే ఇనుపకడ్డీ, ప్రభూ," అన్నది నూకసాని. "ఎర్రగా కాలి ఉంది."

"కత్తి అని చెప్పు. నీకూ నీ బిడ్డకూ ఈ పూటే విడుదల. ఆ ఆరువేలమంది రేపటినుంచి నావారు కావాలి."

"మరి మంత్రిగారు?"

"ద్రోహికి ఏనుగు కాళ్లే గతి."

"ఆయన తలుపు తీసింది మీ కోసం కాదు దొరా, మా పిల్లల కోసం!"

"తెలుసు," అన్నాడు రాజు. "నా కోసం తీసి ఉంటే బతకనిచ్చేవాణ్ణి. బానిసల కోసం ఏలికను విడిచినవాణ్ణి ఏ రాజు దగ్గర ఉంచుకుంటాడు?"

విద్దనామాత్యుడు అప్పుడు మాట్లాడాడు. "అమ్మా, నూకసానీ! ఇరవై ఏళ్లు ఆ గద్దముద్ర పత్రాల మీద సంతకం పెట్టినవాణ్ణి నేను. ఒక్క ఉదయం గడియ తీసినంత మాత్రాన పుణ్యాత్ముణ్ణి కాను. నువ్వు నిజం చెప్పినా నా తల దక్కదు. నీ బిడ్డ భుజానికి ఇంకా మచ్చ పడలేదు. కత్తి అను, తల్లీ."

"కత్తి," అన్నది నూకసాని.

కాచోజు గంటం ఎత్తాడు. "ఎంత పొడవు? కొన ఎట్లా ఉంది?"

గండమ నాయకుని చేతిలో ఆమె ఏనాడూ కత్తి చూడలేదు. "మూరెడు. సన్నగా ఉంది. కొనన గుండ్రంగా, అరచేయంత."

శిల్పి ఆమె భుజం వంక చూశాడు. ముద్ర వెడల్పును కళ్లతోనే కొలిచాడు. రాజుతో ఏమీ అనకుండా రాసుకున్నాడు.

మరునాడు మంత్రిని ఏనుగుతో తొక్కించారు. ఆరువేలమంది జయజయధ్వానాలు చేశారు; వారిలో సగం మందికి ఆయన కరువునాడు గంజి పోయించినవాడే. నెల తిరిగేసరికి శిల లేచింది. ఆ వింత కత్తిని చూసి కొందరు గద అన్నారు, కొందరు దివిటీ అన్నారు, మొక్కులు మాత్రం అందరూ మొక్కారు. విడుదలైన చిట్టెమ పెళ్లినాడు మొగుడితో కలిసి ఆ శిలకు దండం పెట్టబోతే, నూకసాని బిడ్డ చేయి పట్టి వెనక్కి లాగింది. తన రవిక భుజం జార్చి, మచ్చను ఆ రాతి కత్తి కొనకు ఆనించింది. అంచుకు అంచు సరిపోయింది.

"ఇప్పుడు మొక్కుతావా?" అన్నది.

చిట్టెమ మొక్కలేదు. ఆ సీమలో మాత్రం ఇంటిదొంగను ఈనాటికీ విద్దన అనే తిడతారు.

మేనకోడలా, సుభద్రా, ఇందులోని పేర్లు ఒకసారి సరిచూడవే. రాజుల పేర్లు అటూ ఇటూ అయినా నాకు బాధ లేదు. నూకసాని పేరు, విద్దన పేరు మాత్రం తప్పు పోనివ్వకు.