వాడరేవులో కాలిపోయిన రేకు

అద్దంకి బస్టాండులో టీ తాగుతున్న త్యాగరాజుగారిని పట్టపగలు కాల్చి చంపారు. సైలెన్సర్ వాడారు. చుట్టూ ఉన్న జనానికి గాజు గ్లాసు పగిలిన చప్పుడే వినిపించింది.

మధ్యాహ్నానికల్లా ఏజెంట్ కరీముల్లా ఒంగోలులో చీఫ్ లక్ష్మీనరసింహం ముందున్నాడు.

"కెమిస్టయ్యా ఆయన. ఎద్దుకొమ్ముల్లో, మంగలిషాపు వెంట్రుకల్లో ఉండే కెరటిన్ తీసి, మన దూదితో కలిపి, ప్లాస్టిక్ లాంటి రేకు చేశాడు. పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. పాళ్లు ఎక్కడా రాయలేదు, బుర్రలోనే పెట్టుకున్నాడు."

"ఆ బుర్రే పోయింది కద్సార్."

"శాంపిల్ రేకు ఒకటుంది. పొగాకు బయ్యరు వేషంలో ఉన్న విదేశీ గూఢచారి హార్ట్‌మన్ కొట్టేశాడు. వాళ్ల ల్యాబుకి చేరిందా, గుట్టంతా తెలిసిపోతుంది. మన కొమ్ములూ మన పత్తీ పట్టుకెళ్లి, రేకులు చేసి మనకే అమ్ముతారు. సాయంత్రం వాడరేవులో లాంచీ ఎక్కుతున్నాడు. రేకు తీసుకురా. కుదరకపోతే వాళ్లకీ దక్కనివ్వకు."

"అక్కడ మనవాళ్లెవరైనా?"

"ఖైరున్నీసా. వాడి సెక్రటరీ. అటూ ఇటూ పనిచేస్తోంది. నమ్మకు."

కరీముల్లా లుంగీ బిగించి, ఎండుచేపల బేరగాడిలా ఒడ్డున దిగాడు. నల్లకళ్లద్దాలు, షిఫాన్ చీర. ఆమే.

"సొరచేప ఉందా?" కోడ్ అడిగింది.

"ఉప్పు తక్కువమ్మా."

ఆమె దగ్గరికి జరిగింది. "త్యాగరాజుగారు అద్దంకి వస్తున్నారని వీళ్లకి చెప్పింది నేనే. మాట్లాడతామన్నారు. చంపుతారనుకోలేదు."

"రేకెక్కడ?"

"వాడి కోటు లైనింగులో."

అప్పటికే లాంచీ ఇంజను మోగింది. కరీముల్లా వారించేలోపే ఆమె నీళ్లలోకి పరిగెత్తింది. "నన్నూ తీసుకెళ్లు!" అంటూ హార్ట్‌మన్ చెయ్యందుకుని ఎక్కి, వాణ్ణి గట్టిగా వాటేసుకుంది. వాడు పిస్టల్ తీశాడు.

"లాంచీలో పెట్రోలు పీపాని కాల్చండి!" అని అరిచింది.

కరీముల్లా చేతిలో పెన్నులా కనిపించే తుపాకి. అందులో ఒకే ఒక్క నిప్పుగుండు. కాలిస్తే రేకు పోతుంది, ఆమె పోతుంది. కాల్చకపోతే లాంచీ పోతుంది. లాంచీ అల దాటబోతోంది. నొక్కాడు.

పెట్రోలు పీపా పేలింది.

కెరటాలు ఒడ్డుకి తెచ్చిన కోటుముక్కని అతను వెతికాడు. నల్లగా ముడుచుకున్న బొగ్గు. కాలిన వెంట్రుకల కంపు.

ట్రంకు కాల్‌లో చీఫ్ మెచ్చుకున్నాడు. "శభాష్! వాళ్లకేమీ దక్కలేదు."

"దక్కలేద్సార్," అన్నాడు కరీముల్లా. "ఆ విషయంలో మనం వాళ్లకేం తీసిపోలేదు."