ఏడుపులో అతుకు

ఆ వార్తాచానెల్లో అతన్ని అందరూ కత్తెర అంటారు. దృశ్యాన్ని ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ అతకాలో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అతను పనిచేసే ఎడిటింగ్ గదికి కిటికీల్లేవు. పట్టపగలు కూడా అక్కడ చీకటే, వేడెక్కిన వైర్ల వాసనే.

ఆ ఉదయం నదిలో పడవ మునిగింది. ఒడ్డున బిడ్డ కోసం ఒకావిడ గుండెలు బాదుకుంటున్న దృశ్యం వచ్చింది గానీ, మైకు తడిసిపోయి శబ్దం రాలేదు. బులెటిన్ నెత్తి మీదకొచ్చింది.

“మూగ బొమ్మ వేస్తే ఎవరు చూస్తారయ్యా? ఏదో ఒకటి చెయ్యి,” అన్నాడు న్యూస్ ఎడిటర్.

కత్తెర ఏదో ఒకటి చేశాడు. ఎప్పుడో ఫ్యాక్టరీ తగలబడినప్పుడు కొడుకు కోసం ఏడ్చిన ఒక తల్లి గొంతుని పాత క్లిప్పుల్లోంచి తీసి, ఈవిడ నోటికి తగిలించాడు. ఆ తల్లి తర్వాత కొన్నాళ్లకే బెంగతో పోయిందని అతనికి తెలుసు. పోయినవాళ్లు వచ్చి అడుగుతారా ఏమిటి అనుకున్నాడు. నిడివి చాల్లేదని అదే ఏడుపుని మళ్లీ మళ్లీ అతికించాడు. అతుకు సరిగ్గా కుదర్లేదు. ఎక్కిళ్ల మధ్య లోపలికి పీల్చిన ఊపిరి సగంలో తెగి, ఏడుపు మళ్లీ మొదటికొస్తోంది. ఎవరు పట్టించుకుంటారులే అని వదిలేశాడు. రోజంతా దాన్నే తిప్పితిప్పి వేశారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య టీవీ ముందే ఉంది. పొద్దున్న పోసుకున్న టీ కప్పులోనే మీగడ కట్టింది. సినిమాలో కుక్కపిల్ల తప్పిపోయినా భోజనం మానేసే మనిషి ఆమె. అందుకని అతను వేళాకోళం చేస్తుంటాడు కూడా.

“ఏమండీ, ఆవిడ గొంతు విన్నారా? కడుపు తరుక్కుపోతోంది. వాళ్లెవరో, మనమెవరో... ఆవిడ బిడ్డ దొరికాడా?”

అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

“దొరికాడట,” అనేసి టీవీ కట్టేశాడు.

ఏడుపు ఆగలేదు.

భార్య మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల కోసం నిజంగా ఏడుస్తున్న మనిషి ముందు తను దొంగలా నిలబడ్డాడు. సిగ్గేసింది. పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

అప్పుడు విన్నాడు.

ఎక్కిళ్లు... లోపలికి పీల్చిన ఊపిరి... సగంలో తెగింది.

ఏడుపు మళ్లీ మొదటికొచ్చింది.

బతికున్న మనిషి ఏడుపులో అతుకులుండవు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

“ఇటు విను,” అన్నాడు గుసగుసగా. “అది ఆ పడవ దగ్గరావిడ గొంతు కాదు. వేరే ఆవిడది. నేనే పెట్టాను. తప్పు నాది... నువ్వు ఆపు.”

ఊపిరి తెగింది... మళ్లీ మొదటికి. గదిలో ఏదో కాలిన వాసన. వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది.

ఆఫీసుకి ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్న కుర్ర ఎడిటర్ ఎత్తాడు.

“తమ్ముడూ, పడవ దృశ్యం మీది ఏడుపు తీసెయ్. ఇప్పుడే. ఎక్కడా ఉంచకు.”

“ఉండన్నా... ఆ... తీసేశా.”

గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. హమ్మయ్య అనుకుని భార్య గడ్డం పట్టి ముఖం పైకెత్తాడు.

ఆమె ఏడుస్తూనే ఉంది. నోరు తెరుచుకుంటోంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. శబ్దం మాత్రం లేదు. రెండు చేతుల్తో గొంతు తడుముకుంటూ, నా గొంతేదీ అన్నట్టు అతని వైపు చూస్తోంది. ఒకావిడ గొంతు నేను తీసుకుంటే, ఈమె గొంతు పోయింది... దేవుడా, నా చేజేతులా చేసుకున్నాను అని అతను కుమిలిపోయాడు.

ఎవరో తలుపు తట్టారు.

పక్కింటి పెద్దావిడ. కళ్లు తుడుచుకుంటోంది.

“ఇందాకటి నుంచి ఒకటే ఏడుపు. ఉండబట్టలేక వచ్చాను బాబూ. ఎవరు పోయారు?”

అతను చెవులు రిక్కించాడు. ఏమీ వినబడలేదు.

“ఎవరూ పోలేదండీ. ఇంట్లో నేనూ, మా ఆవిడా... అంతే.”

పెద్దావిడ అతని భుజం మీదుగా లోపలికి చూసింది.

“మరి... మీ ఆవిడని ఒళ్లో పడుకోబెట్టుకుని ఏడుస్తోందే,” అంది మెల్లగా, “ఆవిడెవరు బాబూ?”