ముప్పయ్యే ఉండనివ్వండి

"జ్యోత్స్న ఫైలు మూసేయమని ఢిల్లీ ఆర్డర్," అన్నాడు చీఫ్ పట్టాభిరామయ్య.

"మూయను సార్," అన్నాడు హేమంత్.

ఏజెంట్ హేమంత్‌ది కడప. వద్దన్న పని చేయడంలో అతనికి సర్వీసులోనే పెద్ద పేరుంది.

అది 1999. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గాజు భవనంలో, బయటికి కంప్యూటర్ ట్రైనింగ్ సెంటర్‌లా కనిపించే రహస్య ఆఫీసు వాళ్లది. అక్కడ వీడియో ప్రోగ్రామింగ్ నేర్పేది జ్యోత్స్న. సరిహద్దు కెమెరాల బొమ్మల్ని మామూలు ఫోన్ తీగ మీద సైన్యానికి పంపే కోడ్ రాసిందీ ఆమే. దొంగ కళ్లద్దాలతో, స్టూడెంట్ వేషంలో వెనక బెంచీలో కూర్చుని ఆమెను కాపాడడం హేమంత్ డ్యూటీ. అయినా పది రోజుల కిందట ఆమె మాయమైంది. అప్పటినుంచి అతనికి తిండి సహించడం లేదు.

"ఆమె కాలిఫోర్నియా నుంచి లైవ్‌లో మాట్లాడబోతోంది," అన్నాడు చీఫ్. "కోడ్ అమ్ముకుని ఇష్టపూర్వకంగా వచ్చేశానని చెబుతుందట. ఢిల్లీ కూడా చూస్తోంది. ఆ మాట అన్నాక ఆమె దేశద్రోహి. ఇక ఎవరూ వెతకరు."

"లైన్ ట్రేస్ చేశాను. అమెరికాయే," అంది ప్రియాంక.

ప్రియాంక ఢిల్లీ పంపిన వీడియో ఎక్స్‌పర్ట్. పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్. ఆమె వచ్చిన దగ్గర్నుంచి ఆఫీసులో మగవాళ్లంతా దువ్వెనలు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు.

తెర వెలిగింది. మూసిన కర్టెన్ల ముందు జ్యోత్స్న. నెత్తి మీద ట్యూబ్‌లైట్. బొమ్మంతా రెపరెపలాడుతోంది.

ప్రియాంక విసుగ్గా మైకు అందుకుంది. "ఢిల్లీవాళ్లకి మొహం సరిగ్గా కనబడాలి. సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు ముప్పై ఉంది. ఇరవై ఐదు చేయండి."

జ్యోత్స్న కెమెరాలోకి సూటిగా చూసింది. "ఎందుకండీ? అమెరికాలో ముప్పయ్యే పెడతారు. నేను అమెరికాలోనే ఉన్నాను కదా? ముప్పయ్యే ఉండనివ్వండి. నేను మార్చను."

పక్కనుంచి ఎవరిదో తెల్లటి చెయ్యి ఆమె భుజం నొక్కింది. ఆమె కీబోర్డు ముట్టుకోలేదు.

హేమంత్‌కి జ్యోత్స్న చెప్పిన రెండో క్లాసు గుర్తొచ్చింది. "కెమెరా, కన్వర్టర్, ఎన్‌కోడర్, లైన్. నీళ్ల పైపుల్లా వరసగా తగిలిస్తే అదే వీడియో పైప్‌లైన్," అందామె ఆరోజు. "సైజు, రంగులు, ఫ్రేమ్ రేటు అంటే సెకనుకి ఎన్ని బొమ్మలో, అన్నీ కోడ్‌లో మీరే చెప్పాలి. చెప్పకపోతే ఈ అమెరికా వీడియో కార్డు ముప్పై అనుకుంటుంది. అక్కడి కరెంటు సెకనుకి అరవైసార్లు ఊగుతుంది, దానికి ముప్పై సరిపోతుంది. మన కరెంటు యాభైసార్లే. మన ట్యూబ్‌లైట్ కింద ముప్పై పెడితే బొమ్మ రెపరెపలాడుతుంది. ఇరవై ఐదు పెడితే కుదురుకుంటుంది." హేమంత్ ముప్పయ్యే వదిలేశాడు. "మీరు ఏ దేశంలో ఉన్నారో కార్డుకి తెలీదు. మీకైనా తెలియాలి కదా?" అని ఆమె క్లాసు ముందే కడిగేసింది.

ఆ ట్యూబ్‌లైట్ మన కరెంటు మీదే వెలుగుతోంది. ఆ సంగతి జ్యోత్స్నకు తెలుసు. ఇరవై ఐదు పెట్టమన్న ప్రియాంకకూ తెలుసు.

హేమంత్ చీఫ్ చెవిలో ఒక్క మాట చెప్పి, టీ తాగొస్తానని బయటికి నడిచాడు. చీఫ్ మైకు లాక్కుని, రికార్డు కోసమంటూ జ్యోత్స్న ముత్తాత పేరు దగ్గర్నుంచి అడగడం మొదలుపెట్టాడు.

లైవ్ వీడియో పంపగల ప్రత్యేక లైన్లు రాష్ట్రం మొత్తం మీద ఇచ్చింది ఈ చుట్టుపక్కల మూడు ఊళ్లకే. హేమంత్ తలుపు అద్దంలోంచి తెర చూస్తూ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఎత్తినవాడు ఆపరేటర్ రామన్న.

"మంచిగున్న కరెంటు గిట్ల తీస్తే జనం నన్ను తిడ్తరు సారూ."

"రోజూ తిడుతున్నారుగా. ఈరోజు దేశం కోసం పడు."

మాదాపూర్ కరెంటు పోయింది. ఆఫీసంతా చీకటై, యూపీఎస్‌లు కీచుమన్నాయి. "మీ హైదరాబాద్ ఇంతే," అని నవ్వింది ప్రియాంక. తెర మీద ట్యూబ్‌లైట్ వెలుగుతూనే ఉంది. మాదాపూర్‌కి ఇచ్చి, కోకాపేటకి తీశారు. వెలుగుతూనే ఉంది. నానక్‌రామ్‌గూడకి తీశారు.

ట్యూబ్‌లైట్ ఆరిపోయింది.

యూపీఎస్ మీద ఉన్న మానిటర్ వెలుగులో జ్యోత్స్న మొహం నీలంగా కనిపించింది. "కాలిఫోర్నియాలో కూడా కరెంటు పోతుందండీ," అందామె గంభీరంగా.

లైన్ తెగింది. ప్రియాంక లిప్‌స్టిక్ తీసి మెల్లగా చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడే లోపలికొచ్చిన హేమంత్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అది పెదాలకి రాసుకునేది మేడమ్."

"ఆలస్యమైంది హేమంత్. నానక్‌రామ్‌గూడలో ఎన్ని ఇళ్లు వెతుకుతావు?" ఆమె గొంతులో బెదురు లేదు.

అతను ఆమెను చీఫ్‌కి అప్పగిస్తుండగా ఫోన్ మోగింది. రామన్న. "సారూ, నానక్‌రామ్‌గూడ నుంచి ఎవడో ఫోన్ జేసి మస్తు లొల్లి చేస్తుండు. ఫారిన్ సారు పరేషాన్ అయితుండట, కరెంటు జల్ది ఇయ్యాల్నట. గుట్ట ఎనక పచ్చ గేటు ఫాంహౌస్. లైన్‌మన్‌ను పంపాల్నా?"

"నేనే వస్తున్నా," అన్నాడు హేమంత్.

కరెంటు డిపార్ట్‌మెంట్ జీపు, పైన నిచ్చెన, వెనక టార్పాలిన్ కింద కమాండోలు. "ఇంత లేటా?" అని కసురుకుంటూ గేటు తీశాడు కాపలావాడు. లోపల కారు స్టార్టయి ఉంది. రామన్న చెప్పిన ఫారిన్ సారు, ముఠా నాయకుడు విక్టర్, ఇక ఆగలేక జ్యోత్స్నను వెనక సీట్లోకి తోస్తున్నాడు. ఆమె రెండు కాళ్లూ డోరుకి తన్నిపెట్టి లోపలికి పోనంటోంది. విక్టర్ రివాల్వర్ తీశాడు. ట్రిగ్గర్ మీద వేలు బిగిసేలోగా హేమంత్ భుజం మీది నిచ్చెన గిర్రున తిరిగి అతని ఛాతీని కొట్టింది. తూటా ఆకాశంలోకి పోయింది.

"లైన్ని నాలుగు దేశాలు తిప్పాను," అన్నాడు విక్టర్, బేడీల వంక చూసుకుంటూ. "అడ్రస్ ఎవరిచ్చారు?"

"మీరే. కంప్లైంట్ ఇచ్చారుగా."

జ్యోత్స్న చెదిరిన జుట్టు సర్దుకుంది. గొంతు క్లాసులో లాగే ఉంది. "ఇప్పుడైనా ఎంత పెట్టాలో తెలిసిందా?"

"ఇరవై ఐదు మేడమ్," అన్నాడు హేమంత్. అతనికి చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

జేబులో సెల్‌ఫోన్ మోగింది.

"సారూ, ఇగ కరెంటు ఇయ్యాల్నా?" అన్నాడు రామన్న. "దేశం సంగతి నాకెర్క లేదు గానీ, ఊరంతా నన్నే తిడుతున్రు."