సముద్రం దొంగ

ఒంటిపూట బడి వదిలారు. హైమావతి ఇంటికి రాగానే పుస్తకాల సంచి కింద పెట్టి గాజుతొట్టి ముందు కూర్చుంది.

నీళ్ళు మళ్ళీ తగ్గాయి. నాన్న గీసిన పెన్సిలు గుర్తుకు రెండు వేళ్ళు కిందికి వచ్చాయి.

అందులో ఉన్నవి మామూలు నీళ్ళు కావు, సముద్రపు నీళ్ళు. హైమ నాన్న రామ్మోహనరావు వాటిని విశాఖపట్నం నుంచి డబ్బాల్లో పోసి రైల్లో ఉప్పల్ క్వార్టర్సుకు తెచ్చాడు. తొట్టిలో ఒక పగడపు రాయి, రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రపుష్పం అనే జీవి, చారలున్న రెండు చేపలు ఉన్నాయి.

నాన్న పని మీద క్యాంపుకు వెళ్ళాడు. వెళ్ళేముందు ఒక గాజుగొట్టాన్ని నీళ్ళలో తేల్చి చూపించాడు.

"దీని మీద ఎర్ర గీత నీళ్ళతో సమంగా ఉండాలి. పైకి లేస్తే ఉప్పు ఎక్కువైనట్టు, మునిగితే తక్కువైనట్టు. ఉప్పు మారితే ఇవి బతకవు. నీళ్ళు తగ్గితే అమ్మకు చెప్పు."

హైమ అమ్మకు చెప్పలేదు. తొట్టి బాధ్యత తనది. నీళ్ళు తగ్గినప్పుడల్లా డబ్బాలో మిగిలిన సముద్రపు నీళ్ళు పోసింది. ఇవాళా పోసి, గాజుగొట్టం తేల్చింది.

ఎర్ర గీత నీళ్ళకు పైన నిలబడింది. నిన్నటికన్నా పైన.

నీళ్ళు తగ్గుతున్నాయి. ఉప్పు పెరుగుతోంది. హైమ ఆలోచించింది. ఎవరో నీళ్ళు తీస్తున్నారు. తీసిన సంగతి తెలియకుండా కొంచెం కుళాయి నీళ్ళు పోసి వంటింటి ఉప్పు వేస్తున్నారు.

తొట్టి ఉన్న ఈ ముందుగదిలోకి రోజూ బయటినుంచి వచ్చేది ఒక్కతే, ఎదురింటి తారామణి. ఇద్దరిదీ ఒకే క్లాసు. తారామణి వాళ్ళ నాన్నది నాచారంలో ఫ్యాక్టరీ పని. వాళ్ళ నానమ్మ శాంతాబాయి పోయిన వారం అడిగింది కూడా, "జరన్ని సముద్రం నీళ్ళియ్యవా బిడ్డా, అమాసకు నెత్తి మీద జల్లుకుంట" అని. "అవి మా చేపలకండీ" అని హైమ ఇవ్వలేదు.

హైమ ఎదురింటికి వెళ్ళింది. తారామణి లేదు, శాంతాబాయి ఒక్కతే ఉంది. దేవుడి గూట్లో ఒక సీసా ఉంది.

"అందులో ఏమిటి మామ్మగారూ?"

"సముద్రం బిడ్డా. మా తారామణి తెచ్చింది."

ముసలామె లోపలికి వెళ్ళగానే హైమ మూత తీసి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పగా ఉంది.

తారామణి మైదానంలో పిల్లలతో ఆడుతోంది. హైమ అందరి ముందూ అడిగేసింది.

"మా తొట్టిలో నీళ్ళు దొంగతనం చేశావు కదూ?"

"ఏందే? నీ సముద్రం నేనెందుకు దీస్త?"

"మీ ఇంట్లో సీసా చూశాను."

"గా సీసానా? మీ అమ్మనడుగుపో!"

"అడగక్కర్లేదు. నాకు తెలుసు."

ఆటలో ఉన్న పాండురంగ చప్పట్లు కొట్టాడు. "సముద్రం దొంగ! రేపు చార్మినార్ గూడ ఎత్తుకపోతది, సూడున్రి!"

అందరూ నవ్వారు. తారామణి ఆట వదిలి వెళ్ళిపోయింది.

హైమ ముందుగదికి తాళం వేసి తాళంచెవి లంగా బొందుకు కట్టుకుంది. మూడో రోజుకు చూస్తే నీళ్ళు తగ్గాయి. డబ్బాలో ఉన్నవన్నీ పోసింది. గీత ఇంకా పైకి లేచింది. సముద్రపుష్పం ముడుచుకుపోయింది. ఒక చేప రాతి పక్కన పడి రొప్పుతోంది.

తారామణి ఈ ఇంటి గడప తొక్కలేదు. మరి ఎవరు? రెండో తాళంచెవి ఉన్నది అమ్మ దగ్గరే.

హైమ వంటింట్లోకి వెళ్ళి అమ్మ వైపు అనుమానంగా చూసింది. "అమ్మా, నువ్వేమైనా తొట్టిలో నీళ్ళు తీశావా?"

అమ్మ శ్యామలాదేవి వచ్చి చేపను చూసింది. "తగ్గినప్పుడల్లా ఏం పోశావు?"

"డబ్బాలో సముద్రపు నీళ్ళు."

అమ్మ కిటికీలో ఉన్న పళ్ళెం తీసింది. తేల్చిన గాజుగొట్టాన్ని హైమ రోజూ అందులోనే పెడుతుంది. పళ్ళెం ఎండిపోయి ఉంది. అడుగున తెల్లటి పొర కట్టింది.

"నాకి చూడు."

హైమ నాకింది. ఉప్పు.

"నీళ్ళు ఏవమ్మా?"

"ఎండకు, ఫ్యానుగాలికి ఆవిరైపోయాయి. తొట్టిలోవీ అంతే. ఉప్పు ఎక్కడికీ పోదు. పోయింది మంచినీళ్ళయితే మంచినీళ్ళే పోయాలి. నువ్వు ఉప్పు మీద ఉప్పు పోశావు."

"మరి... మామ్మగారి సీసా?"

"డబ్బాలోంచి నేనే పోసి తారామణి చేతికిచ్చాను. పాపం, ఆవిడ సముద్రం చూడలేదట. ఏం?"

హైమ లంగా బొందుకున్న తాళంచెవి విప్పి అమ్మ చేతిలో పెట్టింది.

అమ్మ నీళ్ళు కాచి చల్లార్చింది. తొట్టిలోంచి కొంచెం తీసి, ఆ నీళ్ళు కొంచెం పోసి, ఆగమంది. ఒక్కసారిగా మార్చినా చేపలకు ప్రమాదమే. మర్నాటికి గీత కాస్త దిగింది. పడి ఉన్న చేప లేచి రాయి చుట్టూ తిరిగింది.

హైమ ఎదురింటికి వెళ్ళింది. తారామణి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీళ్ళు ఎవరూ తియ్యలేదు. ఎండకు పోయాయి. తప్పు నాదే తారా."

"నాకు జెప్తే ఏం లాభం? నేను దియ్యలేదని నాకు ముందే తెల్సు."

హైమ గుమ్మం దిగింది. మైదానం వైపు నడిచింది. తారామణి చేట పక్కన పెట్టి లేచింది.

మైదానంలో పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. పాండురంగ కూత పెట్టి గీత దాటబోతున్నాడు. హైమ వెళ్ళి గీత మీద నిలబడింది.

"జరుగు! ఆట నడుస్తుంది!" అరిచాడు పాండురంగ.

"ఒక మాట చెప్పి జరుగుతాను. అందరూ వినండి," అంది హైమ.