పాచి పెంచుకున్న ఇల్లు

"వచ్చే నెల ఢిల్లీబాబు మామ వస్తాడు. ఈ తొట్టిని ఎత్తుకుపోయి ఆయన లాడ్జిలో పెట్టుకుంటాడు. ఇంక దీని ఊసు ఈ ఇంట్లో వినపడకూడదు!"

కొండమీద డ్యూటీ ముగించుకుని వచ్చిన లోకేష్ చెప్పులైనా విప్పకుండా హాల్లో నిలబడి అరిచాడు. అతని భార్య భువనేశ్వరి గాజుతొట్టికి వీపు ఆనించి, ఎవరో దాన్ని అప్పుడే లాక్కుపోతున్నట్టు రెండు చేతులూ చాచి నిలుచుంది. ఆ పిల్ల కళ్ళు ఏడ్చి ఏడ్చి చింతనిప్పుల్లా ఉన్నాయి. వంటింటి గడపలో కాఫీ గ్లాసు పట్టుకున్న వసంతమ్మ అక్కడే ఆగిపోయింది. అయ్యో... పచ్చగా కాపురం చేసుకుంటున్న కొడుకూ కోడళ్ళ మధ్య ఒక చేపలతొట్టి ఇంత చిచ్చు పెడుతుందని ఎవరనుకున్నారు!

అది అందరిళ్ళలో ఉండే తొట్టి కాదు. సముద్రపు తొట్టి. ఉప్పు కలిపిన నీళ్ళు, రాళ్ళు, ఆ రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే పగడాలు, నారింజరంగు మీద తెల్ల పట్టెలున్న రెండు చేపలు! సూళ్లూరుపేటలో పుట్టి, సెలవొస్తే నాయన వెంట పులికాట్ ఒడ్డుకు పరుగెత్తిన పిల్ల భువన. పెళ్ళయి తిరుపతికొచ్చాక ఎటు చూసినా కొండే! చీరలు అడగలేదు, నగలు అడగలేదు. ఇంట్లో ఒక మూల ఇంత సముద్రం కావాలని అడిగింది, అంతే. అలాంటి తొట్టిలో ఇప్పుడు రాళ్ళనిండా జుట్టులాంటి పచ్చటి పాచి! ఊపిరాడక పగడాలన్నీ ముడుచుకుపోయాయి.

"తిండి ఎక్కువైతే పాచి పడుతుందని నువ్వే కదా చెప్పినావు! మరి ఎందుకు కుమ్మరిస్తుండావు?" అన్నాడు లోకేష్.

"లేదండీ! పొద్దున ఒక చిటికెడు, సాయంత్రం ఒక చిటికెడు. అంతకంటే వేయలేదు..."

"చిటికెడుకే ఇంత పాచా? నాకు చెవిలో పూలు పెడుతుండావా?"

తిండి ఎక్కువైతే పాచి పడుతుందా? ఆ మాట వసంతమ్మకు ఈ రోజు దాకా తెలియదు. చేతిలో గ్లాసు వంగి కాఫీ చీర మీద ఒలికింది.

భర్త పోయి, నగరిలో మగ్గం మూలపడ్డాక వసంతమ్మ కొడుకింటికి వచ్చేసింది. కొడుకు కొండకూ, కోడలు రక్తపరీక్షల ల్యాబుకూ వెళ్ళిపోతే ఇంట్లో మిగిలేది తనూ, ఆ రెండు చేపలూ. ఆమె పళ్ళెం ముందు కూర్చుంటే చాలు, అవి అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరిచి చూసేవి! ఎదురుగా ఒక ప్రాణి ఆకలితో చూస్తుంటే దానికి పెట్టకుండా తినే ఇంట్లో పుట్టిందా వసంతమ్మ? పొద్దున ఇంత ఇడ్లీ... మధ్యాహ్నం ఇంత పప్పన్నం... అవి తిన్నంత తిని, మిగిలింది రాళ్ళ సందుల్లోకి పోయేది. పాపం, తర్వాత తింటాయిలే అనుకునేది ఆ తల్లి!

ఇప్పుడు నోరు విప్పాలా? విప్పితే కొడుకు నాలుగు మాటలంటాడు, పడగలదు. కానీ భువన? తనకు నడుము నొప్పని తెలిసి, చెప్పకుండానే వాళ్ళ మంచం మీది మెత్తటి పరుపు తెచ్చి వేసిన పిల్ల! ఆ పిల్ల ఒక్కసారి 'నువ్వా అత్తా!' అన్నట్టు చూస్తే... ఆ చూపు తట్టుకోలేననుకుంది వసంతమ్మ. గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెనక్కి తిరిగింది.

భువన కళ్ళు తుడుచుకుని భర్తతో అంది. "మామయ్య వచ్చేదాకా గడువియ్యండి. అప్పటికీ నీళ్ళు తేటపడకపోతే నా చేతుల్తో నేనే పంపించేస్తాను."

మర్నాడే పని మొదలుపెట్టింది. పంపు, పీవీసీ పైపు, ప్లాస్టిక్ జాలీ, ఎర్రటి ఎల్‌ఈడీ లైట్లు... హాలంతా పరిచేసింది.

"ఏందమ్మా ఇదంతా?"

"పాచిని పెంచుతానత్తా."

"ఇదేం చోద్యమే తల్లీ! ఉన్న పాచి సాలదనా?"

భువన వాడిన మొహంతోనే నవ్వింది. "తొట్టిలోని పాచికి వేరే ఇల్లు కట్టిస్తుండాను. తొట్టినుంచి కింద డబ్బాలోకి దిగే నీళ్ళను పంపు పైకి తోస్తుంది. పైపుకు చీలిక కోసి, అందులో ఈ జాలీని వేలాడదీస్తే నీళ్ళు దాని మీద రెండువైపులా పలచగా జారతాయి. ఆడ వెలుతురు దండిగా పడితే పాచి అక్కడే బలంగా పెరుగుతుంది. మిగిలిన తిండి కుళ్ళి నీళ్ళలో చేరే ఎరువంతా అదే లాక్కుంటే రాళ్ళ మీది పాచికి తిండి దొరకదు. వారానికోసారి జాలీని గీకి పారేస్తే సరి."

"గీకే పని నాకియ్యి!" అంది వసంతమ్మ ఆత్రంగా.

"అది తర్వాత. ముందు జాలీని గరుకు చేయాల. నున్నగా ఉంటే పాచి పట్టు దొరక్క జారిపోతుంది."

వసంతమ్మ రంపంబ్లేడు అందుకుంది. చేసిన తప్పునంతా గోటితో గీకి తీసేస్తున్నట్టు, జాలీ రెండువైపులా ముళ్ళు లేచేదాకా గీకింది! చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. కోడలు చూసి "చాలత్తా!" అని బ్లేడు లాక్కోవాల్సి వచ్చింది.

పంపు వేసిన క్షణాన చీలిక ఇరుకై నీళ్ళు పిచికారీలా ఎగజిమ్మాయి! అత్తాకోడళ్ళిద్దరూ నిలువునా తడిసిపోయారు. ఆ గోలకు లోపలినుంచి వచ్చిన లోకేష్ కూడా తల తుడుచుకోవాల్సి వచ్చింది. భువన చీలికను కొంచెం వెడల్పు చేసింది. ఈసారి నీళ్ళు పట్టుపైటలా జాలీ మీదికి జారాయి. ఎర్రటి వెలుగులో అది మెరుస్తుంటే వసంతమ్మ తనకు తెలియకుండానే చేతులు జోడించింది.

కానీ ఆ రోజునుంచి ఆమెకు తిండి సయించలేదు. చేపలు అద్దం దగ్గరికి రావడం మానలేదు మరి! అవి చూస్తాయని హాల్లో కూర్చోవడం మానేసి, వంటింట్లో గోడవైపు తిరిగి గబగబా రెండు ముద్దలు మింగి లేచిపోయేది. "నన్ను సూడొద్దండమ్మా... మీకు పుణ్యముంటుంది" అని తొట్టి ముందునుంచి పోయేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేది.

మొదట జాలీ మీద ఏమీ రాలేదు. తర్వాత టీ మరకలాంటి గోధుమరంగు జిగురు పట్టింది. ఆ పైన ఒక పొద్దున... పచ్చగా, వరినారులా మొలిచింది! "అత్తా, రా! వచ్చి సూడు!" అని భువన కేకలు పెడితే, కాన్పు కబురు విన్నట్టు పరుగెత్తింది వసంతమ్మ. శుక్రవారం జాలీని సింకులో పెట్టి, ఇత్తడి దీపాలు తోమే చింతపండు పట్టుకుని సిద్ధమైంది కూడా!

"అయ్యయ్యో, అట్ల కాదత్తా! తళతళ మెరవకూడదు. వేళ్ళు ఉండనియ్యి, పైది మాత్రం గీకు."

వారాలు గడిచాయి. రాళ్ళ మీది పాచి ఊడిపోతూ వచ్చింది. నీళ్ళు తేటపడ్డాయి. ముడుచుకున్న పగడాలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి.

అన్నమాట ప్రకారం వసంతమ్మ తమ్ముడు ఢిల్లీబాబు ఆటోట్రాలీ మాట్లాడుకుని దిగనే దిగాడు. తొట్టిని చూసి నోరు వెళ్ళబెట్టాడు. "అద్దంలాగా ఉండాది కదప్పా! దీన్నా ఇచ్చేస్తావు?"

"తీసుకుపో మామా," అన్నాడు లోకేష్. "ఇప్పుడు బాగుండాది, సరే. ఈమె చెయ్యి ఊరుకుంటుందా? మళ్ళీ గుప్పిళ్ళు గుప్పిళ్ళు వేస్తుంది, మళ్ళీ ఏడుస్తుంది. పైగా చిటికెడే వేసినానని అబద్ధం! ఆ ఏడుపు నేను సూడలేను మామా."

భువన తలెత్తలేదు. వాదించి వాదించి అలసిపోయిన మనిషిలా, ఒక చేత్తో అద్దాన్ని నిమురుతూ నిలుచుండిపోయింది. చేపలు రెండూ ఆ చేతి వెంటే తిరుగుతున్నాయి...

ఇంక వసంతమ్మ వల్ల కాలేదు!

"రేయ్ ఢిల్లీ! దాని మీద చెయ్యి వేసినావంటే ఊరుకోను!"

అందరూ ఉలిక్కిపడ్డారు.

"ఆ పాచి పట్టించింది నా కోడలు కాదు! నేను! నేను, నాయనా!"

"నువ్వేం చేసినావమ్మా?" అన్నాడు లోకేష్ తెల్లబోయి.

"అన్నం పెట్టినాను!" వసంతమ్మ బావురుమంది. "నేను తింటా ఉంటే నోళ్ళు తెరిచి సూస్తాయి. ఎట్ల దిగుతుంది ముద్ద? ఇడ్లీ వేసినాను... పప్పన్నం వేసినాను... మురుకులు నలిపి వేసినాను..."

ఢిల్లీబాబు కళ్ళు పెద్దవి చేశాడు. "అక్కా... ఉగాది పచ్చడి కూడా పెట్టినావా ఏంది?"

"పండగపూట వాటికి చేదు పెడతానా? బెల్లం ముక్క వేసినాను!"

భువన గోడవైపు తిరిగింది. ఆ పిల్ల భుజాలు అదురుతున్నాయి. వసంతమ్మకు అది ఏడుపేననిపించింది. "నన్ను క్షమించు తల్లీ... నీ సముద్రాన్ని నాశనం చేసినాను. నాకు నగరి బస్సు ఎక్కించేయండి..." అంటూ దగ్గరికి వెళ్ళి కోడలి మొహం తనవైపు తిప్పుకుంది.

భువన ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక చస్తోంది!

"బెల్లమా అత్తా... బెల్లమా!" అని ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగింది. "అందుకేనా గోడవైపు తిరిగి తింటుండావు? నీకు ఒంట్లో బాగాలేదేమో, అడిగితే బాధపడతావేమో అని నేనెంత భయపడినానో తెలుసా! యాడికీ పోనియ్యను నిన్ను!"

లోకేష్ తల వంచుకుని వచ్చాడు. "భువనా... నిజం చెప్తుండావని ఒక్కసారి కూడా నమ్మలేదు నేను..."

"నమ్మలేదు కదా! ఈ రోజునుంచి జాలీ గీకే పని మీదే," అంది భువన కళ్ళు తుడుచుకుంటూ. "ఆ పాచి కంపు మీ చేతుల్ని వదలకూడదు!"

"సరే," అన్నాడు బుద్ధిగా.

ఢిల్లీబాబు ట్రాలీవాడికి పొమ్మని సైగ చేశాడు. "నా లాడ్జికి ఇది వద్దులేప్పా. మా అక్క ఒక్కతే ఇంత చేస్తే, దిగిన యాత్రికులంతా తలా ఒక లడ్డూముక్క వేస్తే ఇంకేముండాది? గోవిందా గోవింద!"

ఆ నవ్వులమధ్య భువన అత్తను తొట్టి దగ్గరికి తీసుకెళ్ళింది. కింద ఎర్రటి వెలుగులో ఊగుతున్న జాలీని చూపించింది. "సూడత్తా, ఈ మధ్య దీని మీది పాచి పలచబడింది. ఎందుకా అనుకుంటుండాను. నువ్వు పెట్టడం మానేసినావు కదా! ఈ జాలీ ఉన్నాక కొంచెం చెయ్యి జారినా పరవాలేదు. ఇడ్లీలూ బెల్లమూ వద్దు గానీ, వాటి తిండి డబ్బా ఇదిగో. ఇంక నీ చేతికే ఇస్తుండాను. చూసి వెయ్యి."

వసంతమ్మ డబ్బాను రెండు చేతులతో అందుకుంది. చిటికెడు తీసి నీళ్ళ మీద చల్లింది. చేపలు ఎగిరి వచ్చాయి! ఇంకో చిటికెడు తీయబోయి కోడలి మొహం చూసింది.

"వెయ్యిలే," అంది భువన.

ఆ సాయంత్రం సూళ్లూరుపేటనుంచి భువన తల్లి ఫోన్ చేసింది. వంటింట్లో తమ్ముడికి దోసెలు పోస్తున్న వసంతమ్మకు కోడలి మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"లేదమ్మా, ఇచ్చేయలేదు... ఆఁ, తేటగా ఉండాది... నేను ల్యాబుకు పోతే ఎవరు సూస్తారా? అదేందమ్మా అట్లడుగుతావు? దానికి మా అత్త ఉండాది కదా!"

వసంతమ్మ పెనం మీది దోసెను తిప్పడం మరిచిపోయింది.