చీటీలో కుళ్ళు

మందు కనిపెట్టిన కెమిస్టు ల్యాబ్ బల్ల కింద చచ్చిపడున్నాడు. మెడలో సూది, గుప్పిట్లో చీటీ. చీటీలో ఒకే మాట: "కుళ్ళు."

"తోటివాళ్ళ కుళ్ళు," అని తేల్చేశాడు చీఫ్. "పేరు వీడికొక్కడికే వచ్చిందని ఎవడో ఓర్వలేకపోయాడు."

ఏజెంట్ ముక్కు తలాడించాడు. గూఢచారి ముక్కుసూటిగా పోకూడదు. అందుకే అతనికి సూటి పోయి ముక్కొక్కటే మిగిలింది.

"ఇంతకీ మందు చేసే పనేంటి సార్?"

"నిద్రజబ్బు క్రిమి పెరగాలంటే పాలీఅమీన్లనే రసాయనాలు కావాలి. వాటిని తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది. మన మందు ఆ తయారీని ఆపేస్తుంది."

"అంటే క్రిమి పాలిటి అమీనా! వచ్చాడు, కార్ఖానా జప్తు చేశాడు!"

"జోకులాపు. తమ సరుకు అమ్ముకోవడానికి ఒక విదేశీ ముఠా దీన్ని ఫెయిల్ చేయించాలని చూస్తోంది. సాయంత్రం నాలుగింటికి ఎనిమిది మంది రోగులకి ఈ మందు డ్రిప్. ఏడో బెడ్ మీ అక్కది."

ముక్కు నోట్లో జోకు ఆరిపోయింది.

మూడూ యాభైకి నేల తుడిచేవాడి వేషంలో వార్డులో ఉన్నాడు. ముఠాలో మన తరఫున పనిచేస్తున్న లేడీ డాక్టర్ ఎదురైంది. ఆవిడకంటే రెండు గదుల ముందే ఆవిడ సెంటు వచ్చింది.

"సీసాలన్నీ టెస్ట్ చేయించాను. మందు పక్కా."

"సెంటు బావుంది మేడమ్. దాని చాటున ఏదో చచ్చిన వాసనే బాలేదు."

ఆవిడ నవ్వు సగంలో ఆగింది. ముక్కు కాలర్ మైకులో గొణిగాడు. "సార్, పాలీఅమీన్లకి వాసనుంటుందా?"

అవతల చీఫ్ గబగబా కాగితాలు తిరగేశాడు. "ఒకదానికుంది. కుళ్ళిన మాంసం వాసన."

చీటీ అక్షరాలా నిజం! మందు క్రిమి ఇంట్లో వంట మాన్పిస్తుంటే, వీళ్ళు అదే డ్రిప్‌లో దానికి పాలీఅమీన్ల క్యారియర్ పంపుతున్నారు. టెస్టులో మందు పాసు, మంచం మీద మనిషి ఫెయిలు.

నాలుగు కొట్టింది. నర్సు వేలు ఏడో బెడ్ డ్రిప్ క్లిప్ మీద ఉంది. ముక్కు తుడుపుకర్ర విసిరాడు. సీసా భళ్ళుమంది. వార్డంతా శవాల కంపు.

లేడీ డాక్టర్ జేబులోంచి సూది తీసింది. అతను మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

"మా మనిషివనుకున్నాం."

"మనిషినే," అందావిడ. "మీ దాన్ని కాదు, అంతే."

ఒకటో బెడ్‌కి మాత్రం పావుగంట ముందే డ్రిప్ పెట్టేశారు. మర్నాటికి ఆ మంచం ఖాళీ.

అసలు మందు ఎక్కిన పద్నాలుగో రోజున అక్క కళ్ళు తెరిచింది. ఏజెంట్లు తమ ఉద్యోగం సంగతి ఇంట్లో చెప్పకూడదని రూలు.

"ఇన్నాళ్ళూ ఇక్కడే కూర్చున్నావట్రా?"

"అవునక్కా."

"నిద్రజబ్బు నాకంటారు గానీ, నీకు పుట్టుకతోనే ఉంది. లేచి ఏదైనా ఉద్యోగం చూసుకో."