మూడూ నలభైకి ఆగిపోయే ఫ్రిజ్

"ఫ్రిజ్ బాగానే ఉందండీ. బాగోలేనిది మీ ఓపికే," అన్నాడు క్వామెనా, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుంటూ.

అరబాకి ఒళ్ళు మండింది. తొమ్మిదింటికి వస్తానన్న మనిషి పదకొండింటికి వచ్చాడు. ప్లగ్గు చూశాడు, వైరు తడిమాడు, థర్మోస్టాట్ తిప్పాడు. వెనక నుంచి మోటారుని స్టార్ట్ చేసే రిలే ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని గిలక్కాయలా ఊపాడు. కంప్రెసర్ మీది దుమ్ము దులిపి మళ్ళీ అన్నీ బిగించాడు. ఫ్రిజ్ గుయ్‌మంటూ హాయిగా పనిచేస్తోంది, ఆమెను అబద్ధాలకోరుని చేస్తూ.

"మీకంటే ముందొచ్చినాయనా ఇదే మాటన్నాడు. రిలే మార్చి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడూ నలభైకి మళ్ళీ ఆగింది."

"కరెక్టుగా మూడూ నలభైకా?" నవ్వాడతను. "దీనికి టైం చూడ్డం ఎవరు నేర్పారు?"

"మా ఆయన," అంది వెనక నుంచి ఒక గొంతు.

గుమ్మంలో మాన్సా నిలబడి ఉంది. అరబాకి పెద్దమ్మ. ఒంటి మీద సంతాపపు నల్లబట్ట, నుదుటికి ఎర్ర గుడ్డ. ఆమె భర్త కోబినా ఆరు వారాల కిందట పెరట్లో కుర్చీలో కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మధ్యాహ్నం, మూడూ నలభైకి. వాళ్ళ పద్ధతిలో నెల దాటాక, పోయిన వారమే అంత్యక్రియలయ్యాయి. చుట్టాలు వెళ్ళి ఇల్లు ఖాళీ అయిన మర్నాటి నుంచీ గమనిస్తే, ఫ్రిజ్ ఆ వేళకే ఆగుతోంది.

"అందులో నా మందుంది నాయనా, ఇన్సులిన్," అందామె, ఊళ్ళో విశేషం చెబుతున్నంత మామూలుగా. "అది పాడైతే నేను బతకనని ఆయనకి తెలుసు. అక్కడ ఒక్కడికీ తోచడం లేదు కాబోలు, రమ్మంటున్నాడు."

క్వామెనా ముఖంలో నవ్వు మాయమైంది. ఫ్రిజ్ తలుపు తెరిచి, పై అరలో ఉన్న చిన్న చిన్న సీసాల్ని చూశాడు. మెల్లగా మూశాడు.

అరబా అతన్ని వీధి వరండాలోకి పిలిచింది. కుట్టుమిషన్ పక్కన నిలబడి గొంతు తగ్గించి చెప్పింది. "నేను తాకొరాడిలో నా కుట్టుషాపు మూసేసి వచ్చాను. ఆగినప్పుడల్లా సీసాలు ఐసు ఫ్లాస్కులో పెడుతున్నా. కానీ ఇవాళ పొద్దున్న చూస్తే, రెండు రోజులుగా సిరంజీలు వాడకుండా అలాగే ఉన్నాయి. పెద్దమ్మ సూది వేసుకోవడం మానేసింది. వెళ్ళిపోదామనే అనుకుంటోంది. అర్థమైందా మీకు?"

అతను వంటింటి వైపు ఒకసారి చూశాడు. ఎల్మినా ఊరి రేవు మీంచి ఉప్పగాలి వీస్తోంది.

"మూడింటికి వస్తా. ఈసారి లేటు చెయ్యను."

రెండూ యాభైకే వచ్చాడు.

ఫ్రిజ్ ముందు స్టూలు వేసుకుని, కరెంటు చూసే మీటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అరబా మొక్కజొన్న పిండి ముద్ద కెంకీ, వేయించిన చేప, మిరపకాయ పచ్చడి తెచ్చి పెట్టింది.

"మెకానిక్కుకి మర్యాదలు బాగానే ఉన్నాయే."

"తినేవాళ్ళు పారిపోరని."

"దెయ్యానికి భయపడే రకం కాదులెండి నేను."

"చూద్దాం. ఇంకో ముప్పావుగంటేగా."

పెద్దమ్మ వచ్చి గోడవారగా బల్ల మీద కూర్చుంది. రెండు గ్లాసుల నీళ్ళు పక్కన పెట్టుకుంది. ఒకటి తనకి. రెండోదాని గురించి ఎవరూ అడగలేదు.

మూడున్నర దాటింది. వంటింట్లో వెలుగు నెమ్మదిగా రంగు మారింది. వీధిలో చేపలమ్మే ఆడవాళ్ళ కేకలు ఎక్కడో దూరంగా వినబడుతున్నట్టయింది. మాటల మధ్యలో క్వామెనా ఆగిపోయాడు.

టక్.

గుయ్‌మనే చప్పుడు ఆగిపోయింది. అంతసేపూ అది అంత చప్పుడు చేస్తోందని ఆగాకే తెలిసింది. అతని చేతి గడియారం మూడూ నలభై ఒకటి చూపిస్తోంది.

పెద్దమ్మ గోడ వైపు చూస్తోంది. అరబా కూడా అటు చూసి కొయ్యబారిపోయింది.

గోడ మీద ఒక చెయ్యి కదులుతోంది. సన్నటి చెయ్యి నీడ. కిందికి, పైకి, మళ్ళీ కిందికి. రమ్మని పిలుస్తున్నట్టు.

స్క్రూడ్రైవర్ నేల మీద ఠంగుమని పడింది. క్వామెనా దాన్ని తీసుకోలేదు. అతని చెయ్యి ఎప్పుడు వచ్చిందో, అరబా మణికట్టు పట్టుకుని ఉంది.

టక్. ఫ్రిజ్ ఒక్కసారి వణికి, మూలిగి, మళ్ళీ ఊరుకుంది. కాసేపటికి మళ్ళీ టక్. లోపల ఎవరో వేలి కణుపుతో కొడుతున్నట్టు.

"వస్తున్నా," అంది పెద్దమ్మ మెత్తగా. "కాస్త ఆగు, కోబినా. తొందరెందుకు?"

అరబా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్వామెనా ఆమె చెయ్యి వదిలి, ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పోనిచ్చాడు.

"అబ్బ!" చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "పెనంలా కాలుతోంది!"

మీటరు పెట్టి చూశాడు. కరెంటు సరిగ్గానే వస్తోంది. "వేడెక్కితే కంప్రెసర్ తనంతట తనే ఆగిపోతుంది. ఆ టక్కుమనేది అదే. కాసేపాగి స్టార్టవ్వాలని చూస్తుంది, వేడి తగ్గకపోతే మళ్ళీ ఆగుతుంది. కానీ పొద్దున్న చల్లగా ఉందే? ఏ రోజైనా ఆగకుండా నడిచిందా?"

"మొన్న మంగళవారం," అంది పెద్దమ్మ వెంటనే. "మంగళవారం పుట్టిన మనిషి ఆయన. మంగళవారం ఇక్కడి జాలర్లెవరూ సముద్రం మీదికి పోరు. ఆ రోజు నన్ను పిలవడు. ఇంకేం కావాలి నీకు?"

అంతలోనే అరబాకి ఏదో తట్టింది.

"పెద్దమ్మా, ఆ రోజు వాన. పొద్దుటి నుంచీ పొద్దుపోయేదాకా. అసలు ఎండే లేదు."

క్వామెనా ఆమె వైపు చూశాడు. ఇద్దరూ ఒక్కసారే కిటికీ వైపు తిరిగారు. పడమటి గోడలో, ఫ్రిజ్‌కి ఐమూలగా ఉన్న అద్దాల పలకల కిటికీ. దానిలోంచి ఎండ ఏటవాలుగా దిగి, సరిగ్గా ఫ్రిజ్ వెనక సందులోకి పడుతోంది. ఆ ఎండ దారిలోనే, గోడ మీద ఆ చెయ్యి ఊగుతోంది.

"నేను బయటికెళ్ళి చూస్తా."

"నేనూ వస్తా."

"భయమా?"

"మీకు లేదా?"

"ఉంది. రండి."

పెరట్లో కోబినా కుర్చీ అలాగే ఉంది. దాని వెనకే కిటికీ. కిటికీ పైన, చూరు కింద, చుట్టి కట్టిన పెద్ద చాప ఉంది. దాని తాడు ఒకటి ఊడి గాలికి ఊగుతోంది, కిందికి, పైకి.

అరబా ఆ తాడు కొస పట్టుకుని చూసింది. అక్కడ తాడు నల్లగా, నున్నగా అరిగి ఉంది. రోజూ ఒక మనిషి చెయ్యి పడితే అరిగినట్టు.

"రోజూ పెదనాన్నే దించేవాడన్నమాట," అంది. "ఎండ తిరిగే వేళకి."

క్వామెనా మెల్లగా చాప దించాడు. కిటికీ చీకటైంది.

లోపలికి వచ్చేసరికి గోడ మీద చెయ్యి లేదు. పెద్దమ్మ ఖాళీ గోడకేసి చూస్తూ ఉంది. క్వామెనా ఫ్రిజ్‌ని గోడ నుంచి జానెడు ముందుకి లాగి, విసనకర్రతో వెనక విసురుతూ కూర్చున్నాడు. అరబా చెప్పడం మొదలుపెట్టింది. చాప గురించి, తాడు గురించి, ఎండ గురించి.

"వల అల్లుకోవడానికి వెనక్కి పోతున్నాడనుకున్నాను," అంది మాన్సా. "నాకు షుగరని తేలి ఈ ఫ్రిజ్ కొన్నప్పటి నుంచీ, రోజూ మూడున్నర కాగానే లేచిపోయేవాడు. ఎక్కడికంటే చెప్పేవాడు కాదు. ఒకరికి చెప్పి చేసే మనిషి కాదు."

"ఆపుతున్నది ఆయన కాదమ్మా," అన్నాడు క్వామెనా. "ఇన్నాళ్ళూ ఆగకుండా చూసింది ఆయన. ఆ రోజు కూడా చాప దించుదామనే వెళ్ళి ఉంటాడు."

టక్. ఫ్రిజ్ వణికింది. ఈసారి ఆగలేదు. గుయ్‌మంటూ అందుకుంది.

అంత్యక్రియల్లో ఒక్క చుక్క రాల్చని మాన్సా, బట్ట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని పొట్ట మీది బట్ట పక్కకి జరిపింది.

"సూది తే, అరబా. రెండు రోజులు వృథా చేశాను."

ఫ్రిజ్‌ని అవతలి గోడకి మార్చాలనీ, అందుకు అక్కడో ప్లగ్గు పెట్టాలనీ క్వామెనా తేల్చాడు. ఒక పూట పని. దానికి నాలుగు రోజులు వచ్చాడు.

"వైరు మర్చిపోయాను," అన్నాడు రెండో రోజు.

"నిన్న సుత్తి, ఇవాళ వైరు. రేపేం మర్చిపోతున్నారు, ఇంటికెళ్ళే దారా?"

"అదైతే ఎప్పుడో మర్చిపోయాను," అన్నాడు. అని, తనన్న మాటకి తనే కంగారుపడి నిచ్చెన ఎక్కేశాడు.

నాలుగో రోజున పని అయిపోయింది. మర్చిపోవడానికి ఇంకేం మిగల్లేదు. మూడు వారాలు అతని జాడ లేదు. అరబా వరండాలో మిషన్ తొక్కుతూ, వీధిలో ఎవరి అడుగుల చప్పుడు వినబడినా కుట్టు వంకరగా వేసింది. ఫోన్ నంబరుంది. కానీ బాగున్న ఫ్రిజ్ గురించి ఏమని మాట్లాడుతుంది?

ఆ గురువారం పొద్దుట పెద్దమ్మ క్లినిక్‌కి వెళ్ళింది. నర్సుకి చూపించాలని సీసాలన్నీ ఐసు ఫ్లాస్కులో పెట్టుకుని తీసుకెళ్ళింది. బయట వాన. అరబా ఒక్కతే వరండాలో కుడుతోంది. మిషన్ ఆపి దారం కొరుకుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా అనిపించింది.

వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ ఆగి ఉంది. ఎండ లేదు. వీపు ముట్టుకుంటే చల్లగా ఉంది. అతనికి ఫోన్ చేసింది.

రేవు నుంచి పరుగెత్తుకొచ్చాడు. చొక్కా పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉన్నాడు. చేతిలో పనిముట్ల సంచి కూడా లేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్ళి నిలబడిపోయాడు.

"అరబా, స్విచ్ ఆపేసి ఉంది."

"నేను ముట్టుకోలేదు."

"అమ్మ?"

"పెద్దమ్మ వెళ్ళాక అరగంట నడిచింది. నేను నీళ్ళు తాగడానికి వచ్చినప్పుడు విన్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు."

కొత్త స్విచ్. అతనే బిగించింది. పైకీ కిందికీ పదిసార్లు నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. స్విచ్ వేశాడు, ఫ్రిజ్ నడిచింది. వాన చూరు మీంచి ధారగా కారుతోంది.

"నాకు కారణం తెలీడం లేదు," అన్నాడు చివరికి.

"సంచి కూడా లేకుండా వచ్చారే. దేనితో బాగుచేద్దామని?"

"నీ గొంతు వణికింది. ఇంకేం గుర్తురాలేదు." మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "మూడు వారాలుగా ఈ వీధి చివరిదాకా వచ్చి వెనక్కి పోతున్నా. మీ ఇంట్లో ఏదైనా చెడిపోవాలని దేవుణ్ణి వేడుకోవడం పాపం కదా? నువ్వంటే ఇష్టం, అరబా. చెడిపోయినవి లేకపోయినా రావాలని ఉంది."

"రాకపోతే నేనే ఏదో ఒకటి పగలగొట్టేదాన్ని," అంది ఆమె. వెంటనే తల దించుకుంది. తల దించుకున్నా నవ్వు కనబడుతూనే ఉంది.

పెద్దమ్మ ఇంటికొచ్చి జరిగిందంతా విన్నది. ఆశ్చర్యపోలేదు. స్విచ్ వైపు ఒకసారి, తడిసిన కుర్రాడి వైపు ఒకసారి చూసింది.

"తువ్వాలు ఇవ్వవే, నిలబెట్టి మాట్లాడుతున్నావు. నాయనా, పిల్లనడగడానికి మీ పెద్దవాళ్ళని తీసుకొచ్చి తలుపు తట్టించు. ఈ ఇంట్లో మగాళ్ళకి చెప్పకుండా చెయ్యడమే అలవాటు. నువ్వైనా చెప్పి చెయ్యి."

రెండు శనివారాలు గడిచాక క్వామెనా మేనమామలు ఇద్దరు పిల్లనడిగే కానుకగా రెండు సారా సీసాలు పట్టుకుని వచ్చి తలుపు తట్టారు. మాన్సా వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వచ్చిన పని అడిగింది. తర్వాత అరబాని పిలిచి అందరి ముందూ నిలబెట్టింది.

"వీళ్ళు తెచ్చిన సీసాలు పుచ్చుకోమంటావా?"

"పుచ్చుకో పెద్దమ్మా."

"బాగా ఆలోచించుకో. పుచ్చుకున్నాక తిరిగివ్వం. పుచ్చుకోమంటావా?"

"పుచ్చుకో."

మూడోసారి అడగాలి, అది పద్ధతి. పెద్దమ్మ కావాలనే ఆగింది. కళ్ళజోడు తీసింది, తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. మేనమామల వెనక ఇస్త్రీ చొక్కాలో నిలబడ్డ క్వామెనాకి చెమటలు పట్టాయి.

"పెద్దమ్మా," అంది అరబా, "అడుగు. ఆయన వేడెక్కి ఆగిపోయేలా ఉన్నాడు."